నల్లబంకలో పెంకుపురుగులు

ఏటి ఇసుకలో దస్తగిరి తవ్వుతున్న చెలమలో నీళ్లకు ముందు పురుగులు బయటపడ్డాయి.

ఆ ఏడు పెన్న పూర్తిగా ఎండిపోయింది. ఊళ్లో బావులు అడుగంటాయి. ఏటి ఒడ్డున గుడిసెలో ఉండే ఫకీరు మౌలాలి తాత తన శిష్యుడు దస్తగిరిని పిలిచి, ఎవరూ తవ్వనంత లోతుకు తవ్వమన్నాడు. తన వంతు నీళ్లు కూడా అతనికే తాగించి పంపాడు.

దస్తగిరి నిలువెత్తు ఇసుక తోడాక నల్లటి బంకమట్టి తగిలింది. దాన్ని ఛేదిస్తే కింద తడి ఇసుక ఉంటుందని ఏటిని ఎరిగిన వాళ్లందరికీ తెలుసు. మొదటి పెళ్ల విరగ్గానే అందులో పెంకుపురుగులు కనిపించాయి. మడుగుల్లో ఈదే రకం. ఎన్ని యుగాల కిందటివో, పొరల మధ్య అణిగిపోయి ఉన్నాయి. పెంకులు మాత్రం నెమలికంఠంలా మెరుస్తున్నాయి.

అతను గునపం పక్కన పడేశాడు. చెదరని పెంకులను ఏరి తువ్వాల్లో మూటగట్టుకున్నాడు. కుండలతో వచ్చిన ఆడవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. దేవుడు తన చేతికి చూపించిన వింత ఇది, దీని మీద పోటు వేస్తే పాపం అన్నాడు. గొంతు తడిగా ఉన్నవాడికే పాపపుణ్యాలు అంత తీరిగ్గా తోస్తాయి.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఆ ఆడవాళ్లలో నాగులమ్మ అనే ఆమె చంకలో బిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక తల వాల్చేసింది.

"పురుగులకు కాపలా బాగుంది సామీ. మా బిడ్డలకు ఎవురు కాపలా?" అని, ఆమె పోయి తాతను పిలుచుకొచ్చింది.

తాత ఇసుకలో కూర్చుని తువ్వాలు విప్పించుకున్నాడు. ఒక్కో పెంకునూ చాలాసేపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు.

"ఎన్ని వరదలొచ్చినా చెదరలేదు తాతా. నా చేత్తో ఎట్లా పగలగొట్టేది?" అన్నాడు దస్తగిరి.

తాత నాగులమ్మ కుండ అడిగి తీసుకున్నాడు. పెంకులన్నీ అందులో పోసి, శిష్యుడి చెవి దగ్గర మెల్లగా ఆడించాడు. ఎండుటాకులు కదిలినట్టు చిన్న చప్పుడు వచ్చింది.

"ఇవన్నీ ఏం లేక చచ్చాయిరా?"

దస్తగిరి బిడ్డ ముఖం వైపు చూశాడు. తర్వాత గునపం అందుకుని గుంటలోకి దిగాడు.