ఎవరిదో తేలని లంక

వల్లీ, నువ్వు గోడ వైపు. భానూ, నువ్వు కిటికీ వైపు. నేను మధ్యలో వెల్లకిలా పడుకుంటాను. ఎవరి వైపూ తిరగను. మొన్న అక్క వైపు తిరిగి కథ చెప్పానని వీడు ఏడ్చాడు. నిన్న వీడి వైపు తిరిగానని అది మూతి ముడుచుకుంది. ఇవాళ మీ అమ్మమ్మ ఇంటికప్పుకి చెప్తుంది కథ, మీరిద్దరూ పక్కనుంచి వినండి.

అనగనగా ఒక పెద్ద ఏరు. ఏటికి అటొక రాజ్యం, ఇటొక రాజ్యం. అటు అంతా రాళ్ళూ గుట్టలూ, దాన్ని గట్టుసీమ అనేవారు. ఇటు అంతా వరిచేలూ వెదురు తోపులూ, దీన్ని పల్లపుసీమ అనేవారు. ఆ ఏటి మధ్యలో ఒక లంక ఉండేది. లంకంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, మధ్యలో మెరక.

ఆ లంకలో నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక పాక, కాసిని దోసపాదులు, రెండు మేకలు, అంతే ఆవిడ సంసారం. వరదొచ్చినప్పుడల్లా ఏరు ఆ లంక ఒడ్డుని కాస్త కాస్త కొరుక్కుతినేది. ఒక ఏడు రేగుచెట్టు ఏట్లో పడిపోయింది. మరుసటి ఏడు మేకల దొడ్డి పోయింది. ఇంక ఏటికీ ఆవిడ పాకకీ మధ్య దోసపాదులే మిగిలాయి.

అప్పుడు నూకాలమ్మ పడవెక్కి గట్టుసీమకి వెళ్ళింది. అక్కడి మంత్రి పేరు బయ్యన్న. "బాబూ, కాసిని రాళ్ళిప్పించండి, ఒడ్డున కట్ట వేసుకుంటాను" అంది. "లంక మాదో పల్లపువాళ్ళదో ఇంకా తేలలేదమ్మా. తేలాక రా" అన్నాడు బయ్యన్న.

ఆ తర్వాత పల్లపుసీమకి వెళ్ళింది. అక్కడి మంత్రి పేరు తిప్పన్న. "బాబూ, కాస్త వెదురూ, నలుగురు మనుషులూ ఉంటే చాలు" అంది. "లంక మాదో గట్టువాళ్ళదో తేలనీవమ్మా. తేలాక రా" అన్నాడు తిప్పన్న.

ఆవిడ తిరిగొచ్చి, పాక గుంజలు పీకి, కాస్త లోపలికి పాతుకుంది. ఇంకేం చేస్తుంది పాపం.

తేల్చడమంటే అక్కడ మాటలు కాదు. ఆ రెండు రాజ్యాలూ తాతల కాలంలో కొట్టుకుని కొట్టుకుని, మగదిక్కు లేని కొంపలే రెండు ఒడ్డుల్లోనూ మిగిలితే, ఇంక చాలనుకుని ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఒడంబడికంటే ఒట్టే, కాకపోతే రాజులు వేసుకునే ఒట్టు. తగవొస్తే కత్తి తియ్యకూడదు. ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కుదరకపోతే మూడో రాజ్యం నుంచి ఒక పెద్దమనిషిని పిలవాలి. అప్పటికీ కుదరకపోతే, ఆ తగవు వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్ళ గుమ్మంలోకి పోయి కూర్చోవాలి. ఇన్ని ఉన్నాయి అందులో.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మాట్లాడేవాడు తన గోడు ముందు చెప్పకూడదు. ఎదుటివాడి గోడు చెప్పాలి. ఎదుటివాడు విని "ఆ, అదే నా గోడు" అన్నాకే మాట ముందుకి కదలాలి.

సరే, బయ్యన్నా తిప్పన్నా ఏటి మధ్యలో పడవలు కట్టేసుకుని కూర్చున్నారు. "మీకు పశువులెక్కువ, మేత తక్కువ. అందుకే మా లంక మీద కన్నేశారు, అదే మీ గోడు" అన్నాడు బయ్యన్న. తిప్పన్న కాదన్నాడు. "మీకు రాళ్ళు తప్ప మన్ను లేదు. అందుకే మా లంకని చూసి మీ ఏడుపు" అన్నాడు తిప్పన్న. బయ్యన్న కాదన్నాడు. ఒకరి గోడు ఒకరు చెప్పమంటే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుని లేచారు.

అప్పుడిలా కాదని బయ్యన్న పల్లపుసీమకి, తిప్పన్న గట్టుసీమకి వెళ్ళి వానాకాలమంతా ఉండి చూశారు.

బయ్యన్న పల్లపుసీమలో ఉండగా వరదొచ్చింది. ఊళ్ళన్నీ మునిగాయి. పశువులు నిలబడ్డానికి మెరకన్నది లేదు. పీకల్లోతు నీళ్ళలో దూడల్ని మెడ మీద వేసుకుని ఆడా మగా అందరూ లంక వైపే నడుస్తున్నారు. ఆ లంక లేకపోతే ఆ ఊళ్ళలో పాలచుక్క ఉండదు. అది చూశాడు ఆయన.

తిప్పన్న గట్టుసీమలో ఏం చూశాడు? అదే వరద అక్కడి ఒడ్డున చేలకి చేలు కోసుకుపోయింది. రైతులు ఒడ్డున నిలబడి చూస్తున్నారు. అలా కొట్టుకొచ్చిన మన్నే పేరుకుని పేరుకుని లంకయింది. ఒక ముసలాయన చెయ్యెత్తి లంకని చూపించి, "అది మా నాన్న దున్నిన మన్ను బాబూ" అన్నాడు. 

ఆ తర్వాత మళ్ళీ ఏటి మధ్యలో కూర్చున్నారు. ఈసారి బయ్యన్న పల్లపువాళ్ళ గోడు చెప్తుంటే తిప్పన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిప్పన్న గట్టువాళ్ళ గోడు చెప్తుంటే బయ్యన్న పైపంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ, అదే నా గోడు" అన్నాడు ఈయన. "ఆ, అదే నా గోడు" అన్నాడాయన.

అప్పుడు బయ్యన్న, "అయితే లంక మీదే బావా" అన్నాడు. తిప్పన్న, "లేదు లేదు, మీదే" అన్నాడు.

నవ్వకే వల్లీ. ఇద్దరూ ఇచ్చేస్తామంటే ఇంక తగవెక్కడిది అంటావు, అంతేనా? చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

ఈ కబురు రాజులకి వెళ్ళింది. "నా మంత్రి నా లంకని వాళ్ళదంటాడా" అని గట్టుసీమ రాజుకి కోపం. పల్లపుసీమ రాజుకీ అచ్చం అదే కోపం. ఆ తర్వాత, "మనం ఇస్తామంటే వాళ్ళు వద్దంటారా, మనమంటే అంత చులకనా" అని ఇంకో కోపం. రెండు ఒడ్డుల్లోనూ కత్తులకి పదును పెట్టడం మొదలైంది. ఎందుకని ఎవర్నడిగినా ఒకడు లాక్కోవడానికంటాడు, ఒకడు అంటగట్టడానికంటాడు. ఇక్కడ నాకూ ఎప్పుడూ తికమకే. మా అమ్మమ్మ కూడా ఈ చోటుకొచ్చేసరికి ఆగి, వక్కపలుకు నోట్లో వేసుకుని, మళ్ళీ మొదలుపెట్టేది.

ఈలోపు నూకాలమ్మ దోసపాదులు సగం ఏట్లోకి పోయాయి. పాక ఇంకాస్త లోపలికి జరిగింది.

ఒడంబడిక ఉంది కాబట్టి కత్తి ఒర దాటకూడదు. అప్పుడు మూడో రాజ్యం నుంచి పెద్దమనిషిని పిలిపించారు. సముద్రం ఒడ్డున ఉప్పు పండించే రాజ్యం ఆయనది, పేరు దానయ్య. ఆయనా ఇద్దరి గోడూ విన్నాడు, ఇద్దరి గోడూ తిరిగి చెప్పాడు, ఇద్దరి చేతా "ఆ, అదే" అనిపించుకున్నాడు. మరి తీర్పు చెప్పమంటే, పొద్దున గట్టువాళ్ళదన్నాడు. మధ్యాహ్నం భోంచేసి లేచి పల్లపువాళ్ళదన్నాడు. సాయంత్రానికి తలకి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. "ఇటు చూస్తే ఇదీ నిజమే, అటు చూస్తే అదీ నిజమే. నాకేం పాలుపోవడం లేదు నాయనా" అన్నాడు.

ఇంక మిగిలింది మూడోది. ఈ తగవు వల్ల దెబ్బ ఎవరికి తగులుతుంది? ముగ్గురూ పడవెక్కి నూకాలమ్మ గుమ్మంలోకి వెళ్ళారు.

"అమ్మా, నువ్వు ఎవరి మనిషివో చెప్పు. లంక వాళ్ళదే అంటాం" అన్నాడు దానయ్య. నూకాలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, "ఒడంబడికలో ఏముంది? ముందు నా గోడు మీరు చెప్పండి. ఆ తర్వాత నేను మాట్లాడతాను" అంది.

 ముగ్గురికీ అందరి గోడూ కంఠతా వచ్చుగానీ ఈవిడది ఎవరికీ తెలీదు.

"నీకు రాజంటూ లేడు, అదే నీ గోడు" అన్నాడు బయ్యన్న. కాదంది. "ఒంటరిదానివి, తోడు లేదు" అన్నాడు తిప్పన్న. "మేకలున్నాయిగా" అంది. "యుద్ధమొస్తుందని భయం" అన్నాడు దానయ్య. "భయమే. కానీ యుద్ధం దాకా ఉంటే కదా" అంది.

నీకు తెలుసు కదరా భానూ. నువ్వు చెప్పకు. వాళ్ళనే చెప్పనీ. ఆవిడ వాళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళి ఒకసారి చెప్పుకునే వచ్చింది. మళ్ళీ అడుక్కోవడానికి మనసొప్పలేదు.

చెప్పేదాకా కదలకూడదు కాబట్టి ముగ్గురూ అక్కడే ఉండిపోయారు. ఆవిడ వండిన దోసకాయ పప్పు తిని, పాక బయట చాపలేసుకుని పడుకున్నారు. పైన ఎక్కడో వాన పడింది. తెల్లారి లేచేసరికి బయ్యన్న చెప్పులు విడిచిన చోట చెప్పులు లేవు, ఆ చోటు కూడా లేదు. తిప్పన్న చాప అంచు నీళ్ళలో తేలుతోంది. దానయ్య పడవ కట్టిన గుంజ, దాన్ని పాతిన నేలతో సహా మాయం.

ఏం జరిగిందో తెలీక ముగ్గురూ తెల్లమొహం వేసి నిలబడ్డారు. నూకాలమ్మ మాత్రం రోజూ చేసే పనిలాగే పొయ్యిరాళ్ళు తీసి లోపలికి పెట్టింది. మేకల్ని విప్పి లోపలికి కట్టింది. ఆ తర్వాత పాక గుంజ ఒకటి పీకి, "ఆ కొస పట్టుకో నాయనా" అంది. బయ్యన్న పట్టుకున్నాడు.

మోస్తూ మోస్తూ, "ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా జరుపుకుంటున్నావు?" అని అడిగాడు. "మీరు తేలాక రమ్మన్నప్పటినుంచీ" అంది ఆవిడ.

అప్పుడు గుర్తొచ్చింది బయ్యన్నకి. గుంజ దించకుండానే నిలబడిపోయాడు. "మేం లంక ఎవరిదా అని కూర్చున్నాం. నీ కాళ్ళకింద లంకే పోతోంది. మేం తేల్చేసరికి లంకా ఉండదు, నువ్వూ ఉండవు. అదే కదమ్మా నీ గోడు" అన్నాడు.

"ఆ," అంది నూకాలమ్మ. "అదే నా గోడు." అని అక్కడే చతికిలబడి ఏడ్చింది. చెట్టు పోయినా దొడ్డి పోయినా కన్నీళ్ళు పెట్టని మనిషి, ఒకడు తన గోడు తనకి సరిగ్గా చెప్పేసరికి ఏడ్చేసింది. తిప్పన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిణ్ణి తేలాక రమ్మన్నవాళ్ళలో ఆయనా ఉన్నాడుగా.

ఆ తర్వాత రాజులు కాస్త గొణిగారుగానీ, ఒట్టు ఒట్టే. గట్టుసీమ నుంచి పడవల్లో రాళ్ళు వచ్చాయి. పల్లపుసీమ నుంచి వెదురూ మనుషులూ వచ్చారు. పదును పెట్టిన కత్తులు ఉన్నాయి కదా, వెదురు నరకడానికి పనికొచ్చాయి. దానయ్య తలగుడ్డ విప్పి నడుముకి కట్టుకుని తనూ తట్ట మోశాడు. వరదకి ముందే కట్ట లేచింది. ఆ ఏడు ఏరు వచ్చి కట్టని తాకి, పక్కనుంచి వెళ్ళిపోయింది. నూకాలమ్మ పాక ఉన్నచోటే ఉంది.

మరి లంక ఎవరిదంటారా? తేలలేదు. రాళ్ళు వాళ్ళవి, వెదురు వీళ్ళది, మన్ను వాళ్ళది, పశువులు వీళ్ళవి. ఇప్పుడింకా గందరగోళం. ప్రతి ఏడూ వానలకి ముందు రెండు వైపులవాళ్ళూ వచ్చి ముందు కట్ట బాగుచేస్తారు. ఆ తర్వాత లంక ఎవరిదో తేల్చడానికి కూర్చుంటారు. నూకాలమ్మ పప్పు వడ్డిస్తుంది. తినేసరికి పొద్దువాలుతుంది, లేచి వెళ్ళిపోతారు.

సరే, ఇప్పుడు మీ తగవు. వల్లీ, తమ్ముడి గోడు నువ్వు చెప్పు. మొండివాడు అనకు, అది గోడు కాదు. ఊఁ, కిటికీలోంచి చీకటి కనిపిస్తే వాడికి భయమా? నా మొహం కనిపిస్తుంటే భయం ఉండదా? ఏరా, అంతేనా? అంతేనట.

భానూ, నీ వంతు. అమ్మ పక్క ఎలాగూ నీకే వచ్చేసిందా? అందుకని అమ్మమ్మ పక్కయినా అక్కకి కావాలా? ఎవరు చెప్పార్రా నీకు? చూడు, అది దుప్పట్లోకి తల దూర్చేసింది.

ఏంటీ? నా గోడు కూడా చెప్తారా? సరే, కానివ్వండి.

నాకు నిద్రొస్తోందా? కాదు. మీరు అల్లరి చేస్తున్నారనా? అది రోజూ ఉన్నదేగా. ఏమన్నావు వల్లీ, తల బయటికి పెట్టి చెప్పు. వెల్లకిలా పడుకుంటే నాకు నడుం పీకేస్తుందా. ఎటు తిరిగినా ఒకళ్ళు ఏడుస్తారని తిరగడం లేదా.

ఆ. అదే తల్లీ నా గోడు.

రండి, ఇద్దరూ ఒక వైపుకే రండి. ఎటైతేనేం, ఎవరి వైపైతేనేం. వాణ్ణి గోడ వైపు పడుకోనీ, నువ్వు నాకు దగ్గరగా రా. మెల్లిగా, ఆ దిండు ఇలా నడుం కింద పెట్టు. అమ్మయ్య.

రాళ్ళేమో అటువాళ్ళవి,
వెదురేమో ఇటువాళ్ళది,
పడవెక్కి కథ కంచికి,
కళ్ళు మూసి మనం ఇంటికి.