సరుకు లేని గెలాక్సీ

నాలుగేళ్లు జల్లెడ పట్టినా సువార్తకు చిటికెడు ధూళి దొరకలేదు. మన ఇళ్లలో దుమ్ము కాదు లెండి, అదెక్కడైనా దొరుకుతుంది. ముసలి నక్షత్రాలు బయటికి ఊదే ధూళి. అది కూడితేనే గ్రహాలు, మట్టి, మనమూ. దాన్ని వెతకడానికి ఆమె పట్టుకున్న గెలాక్సీ చూస్తే మరీ పేదది. హైడ్రోజన్, హీలియం తప్ప వేరే సరుకు దాదాపు లేదు.

ఆ మధ్యాహ్నం, పరిశోధన మానేస్తున్నానని కాగితం రాసుకుని మస్తాన్ మాస్టారి దగ్గరికి వెళ్లింది. కొండమీద నక్షత్రాలను చూసే ఆ వేధశాలలో ఆమెకు పని నేర్పింది ఆయనే.

"సంతకం పెట్టండి మాస్టారూ. నాకిక ఓపిక లేదు."

ఆయన కాగితం చదివారు. కాదనలేదు, బతిమాలలేదు. "అన్నం తిన్నావా?" అన్నారు.

"ఏం పెట్టుకుని తినను? వానకి ఘాట్ రోడ్డు తెగి నాలుగు రోజులాయె. వంటింట్లో పప్పు లేదు, కూరగాయ లేదు."

ఆయనకు మాత్రం ఓపిక ఎక్కడేడ్చింది, మోకాళ్లు పట్టేసిన మనిషి! గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచారు. చింతపండు నానేసి పిసికారు. రెండు ఎండుమిరపకాయలు మంటమీద కాల్చి, ఉప్పుతో నలిపి, సగం ఉల్లిపాయ తరిగి అందులో వేశారు. పచ్చిపులుసు. అన్నంలో పోసి కంచం ఆమె ముందు పెట్టారు.

సువార్త ఆవురావురుమంటూ తింది. ముక్కు కారింది, ప్రాణం లేచొచ్చింది.

"ఇందాక వంటింట్లో ఏం వెతికావమ్మా?"

"పప్పు."

"ఆ గెలాక్సీలో?"

"ఇసుకలాంటి ధూళి. మన దగ్గరి నక్షత్రాలు ఎక్కువగా చేసేది అదేగా మాస్టారూ. వెలుగులో దాని గుర్తు కనబడని నక్షత్రాలన్నిటినీ కొట్టేశాను."

"కొట్టేసిన వాటిలో ఏమీ లేదా?"

"కొన్నిట్లో ఉండాల్సిన దానికన్నా వేడి కాస్త ఎక్కువ కనిపించింది. కొలతలో తప్పనుకుని..."

కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"ఆ ధూళి ఇసుక కాక ఇనుపరజను అయితే ఇసుక గుర్తు ఎందుకుంటుంది? ఉత్త వేడే కదా కనబడేది..." అని తనలో తనే గొణుక్కుంది. ఎంగిలి చేత్తోనే లేచి గుమ్మం వైపు పరుగెత్తబోయింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"కూచో. కోట్ల ఏళ్లు ఆగిన నక్షత్రాలు, నువ్వింకో ముద్ద తినేదాకా ఆగలేవా?"