మెట్ల మీద తెల్లపొడి

విశాఖపట్నం పెదవాల్తేరులో, ఎదుటి మనిషికంటే సినిమాలో చూసిన మనిషినే ఎక్కువగా నమ్మే వరహాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ ఊళ్లో లేనప్పుడు భర్త సన్యాసిరావు మేడ మీది గదిని ఒక విద్యార్థికి అద్దెకిచ్చాడు. అతని పేరు బరాకా. టాంజానియా నుంచి వచ్చి భూగర్భశాస్త్రం చదువుతున్నాడు.

"ఎవరో ఏమిటో తెలియకుండా ఎలా ఇచ్చారు?" అంది ఊరినుంచి తిరిగొచ్చిన వరహాలమ్మ.

"కాగితాలన్నీ చూశాను. నెమ్మదస్తుడు," అన్నాడు సన్యాసిరావు.

"నెమ్మదిగా ఉండేవాళ్లే అలాంటి పనులు చేస్తారు."

"ఎలాంటి పనులు?"

ఆవిడ చూసిన సినిమాల్లో ఆఫ్రికావాడు కనిపించాడంటే చేతిలో మత్తుమందు సంచీ అయినా ఉండేది, కత్తి అయినా ఉండేది. చదువుకునేవాడుగానీ, తల్లికి ఉత్తరం రాసేవాడుగానీ ఒక్కడూ కనిపించలేదు.

అప్పటినుంచి ఆవిడ చెవులు మేడమెట్ల మీదే ఉండేవి. బరాకా ఫోనులో తన భాషలో మాట్లాడితే ఏదో బేరం అనుకునేది. "నమస్తే ఆంటీ" అంటే బుట్టలో వేసుకుంటున్నాడు అనుకునేది. తలుపు మూస్తే ఎందుకు మూశాడని, తీస్తే ఎవరికోసం తీశాడని అనుమానపడేది.

ఒక సోమవారం పొద్దున్న ఎవరో స్నేహితుడు బరాకాకు బరువైన సంచీ ఒకటి ఇచ్చి వెళ్లాడు. పైకి మోసుకెళ్తుంటే సంచీ మూల చిరిగి మెట్ల మీద తెల్లపొడి రాలింది. బరాకా అటూ ఇటూ చూసి, గబగబా తుడిచేశాడు. కిటికీ వెనక నిలబడ్డ వరహాలమ్మ అది మత్తుమందే అనుకుంది. మొగుడితో ఒక్క మాటైనా చెప్పకుండా పోలీసులకు ఫోను చేసింది.

పోలీసులు వచ్చేసరికి బరాకా హాల్ టికెట్టు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"సార్, పది గంటలకు పరీక్ష ఉంది," అన్నాడు.

"ముందు స్టేషనుకు పద," అన్నాడు ఎస్సై.

మధ్యాహ్నానికి విషయం తేలింది. అది తెల్ల మొక్కజొన్న పిండి. మనం సంకటి చేసుకున్నట్టే వాళ్లు దానితో ముద్ద చేసుకుంటారు. పోలీసులు అతన్ని పంపేశారు. కానీ పరీక్ష అయిపోయింది. మళ్లీ రాయాలంటే ఆరు నెలలు ఆగాలి. వేసవిలో ఇంటికి వెళ్దామనుకున్న ప్రయాణం ఆగిపోయింది.

వరహాలమ్మ మేడ మీదికి వెళ్లేసరికి బరాకా సామాను సర్దుకుంటున్నాడు.

"తప్పయిపోయింది, బాబూ. సినిమాల్లో అలా చూసి చూసి..." అంది.

బరాకా పెట్టె మూసి, ఆవిడ వైపు తిరిగాడు. "మా అమ్మ కూడా సినిమాలే చూసింది, ఆంటీ. మా ఊళ్లో మీ దేశం సినిమాలు బాగా ఆడతాయి. వాటిలో అమ్మలు ఎవరి బిడ్డకైనా అన్నం పెడతారు. నన్ను పంపేటప్పుడు, 'భయపడకు, అక్కడా అమ్మలుంటారు' అంది."

వరహాలమ్మ తల ఎత్తలేకపోయింది.

మర్నాడు ఆవిడ కాలేజీకి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, పరీక్ష పెట్టమని బతిమాలింది. నియమం ఒప్పుకోదన్నారు. బరాకా ఆ వారమే వేరే గదికి మారిపోయాడు.

నీతి: తెర మీద ఒక దేశపువాళ్లను ఎప్పుడూ దుర్మార్గులుగానే చూపిస్తే, ఆ దేశపు మంచివాడికి మన వీధిలో చోటు దొరకదు, అందుకే సినిమా తీసేవాళ్లు వాళ్ల మంచినీ చూపించాలి, చూసేవాళ్లు మనిషిని అడిగి తెలుసుకోవాలి.