తీసేసిన పదకొండు రీడింగులు

ఆచార్య కమలాకర్ గారి దగ్గర ఆన్‌లైన్‌లో డాక్టరేట్ చేస్తున్న ఇంజనీర్లందరూ ఉద్యోగస్థులే. ఆదివారం ఉదయం ఒక్కొక్కరితో గంటసేపు తెర మీద మాట్లాడతారు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే వెంటనే సలహా ఇచ్చే అలవాటు ఆయనకు లేదు. పూర్తిగా విని, తాను కళ్ళారా చూసిన సంగతి ఏదో ఒకటి చెబుతారు.

పంపుల ఫ్యాక్టరీలో పనిచేసే ఫణీందర్ ఒక ఆదివారం తన అధ్యాయాల ఊసే ఎత్తలేదు.

"సార్, ఫ్యాక్టరీలో నన్ను చదువుకునేవాడంటారు, పని మీద మనసు లేదంటారు. ఇక్కడ కమిటీ నన్ను ఉద్యోగస్థుడంటుంది, పరిశోధనకు సమయం ఇవ్వడంటుంది. మూడేళ్ళుగా రెండు చోట్లా దొంగలా తిరుగుతున్నాను. ఒకటి వదిలేస్తాను. ఏది వదలాలో మీరే చెప్పండి."

ఆచార్యులు తన పాత విద్యార్థిని స్వరూప సంగతి చెప్పారు.

కందుల స్వరూప ఒక బొగ్గు గనిలో మెకానికల్ ఇంజనీరు. కార్మికులను గనిలోకి దించే ఇనుప కేజ్, దాన్ని మోసే ఉక్కుతాడు ఆమె బాధ్యత. ఆమె పరిశోధనా ఆ తాడు మీదే. లోపలి తీగలు తెగితే బయటికి కనిపించవు. వాటిని సెన్సర్‌తో ముందే పట్టుకోవచ్చా అన్నది ఆమె ప్రశ్న. నాలుగేళ్ళు డ్యూటీ దిగాక కూర్చుని రాసింది. చివరి సెమినార్ ఒక శనివారం మధ్యాహ్నం పెట్టారు. గని ఆఫీసు గదిలోంచే హాజరైంది. తాడు భేషుగ్గా ఉందనీ, తన పద్ధతీ అదే చెబుతోందనీ వివరించింది.

కమిటీలో ఇందుమతి గారని ఒకావిడ ఉన్నారు. ఆవిడ తీసేసిన రీడింగుల పట్టికను తెర మీద చూపించి, "ఈ పదకొండు రీడింగులు ఎందుకు తీసేశారు?" అని అడిగారు.

"సెన్సర్ అదిరి వచ్చిన తప్పుడు రీడింగులు మేడమ్."

"పదకొండు సార్లూ ఒకే చోట అదిరిందా?"

స్వరూప పట్టికలోకి చూసింది. తేదీలు వేరు. చోటు మాత్రం ఒక్కటే, కేజ్ నుంచి తాడు మీద రెండువందల పన్నెండు మీటర్ల దూరం. చివరి నాలుగింటిలో అంకె పెరుగుతూ వచ్చింది.

"ఆ పట్టికను మేం ఎప్పుడూ తేదీల వరుసలోనే చూశాం" అన్నారు ఆచార్యులు. "వాటిని తీసేయమన్నది నేనే ఫణీందర్. ఉంచుదామా అని ఆమె ఒకసారి అడిగింది కూడా. గడువు దగ్గర పడుతోంది, వాటి వెంట పడకన్నాను."

అప్పుడు టైము రెండూ నలభై. మూడింటికి రెండో షిఫ్టు గనిలోకి దిగుతుంది. స్వరూప మైకు ఆపకుండానే మేనేజర్‌కు ఫోన్ చేసి, షిఫ్టును దించొద్దంది. అవతలి గొంతు కమిటీ అందరికీ వినబడింది.

"మొన్ననే చూశాం కదమ్మా, ఒక్క తీగ తెగలేదు. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను? మేడమ్ థీసిస్ కోసం గని ఆపానని చెప్పనా?"

ఆమె తెర వంక చూసింది. "సార్, నేను వెళ్తున్నాను. సెమినార్ రద్దు చేసుకోండి" అని లేచింది.

నిబంధన ప్రకారం అక్కడితో ముగించాలి. కానీ ఆచార్యులతో కలిపి కమిటీలోని నలుగురిలో ఒక్కరూ కదల్లేదు. ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆ గదిలోంచి షిఫ్టు సైరన్ వినిపించింది.

"ఆ సైరన్ వినగానే" అన్నారు ఆచార్యులు, "ఆమె అనుమానం తప్పు కావాలని కోరుకున్నాను. మనుషుల కోసమే అనుకున్నాను మొదట. కానీ ఆమెది తప్పయితే నా మాట ఒప్పవుతుంది. ఆ సంగతి కూడా నా మనసులో ఉంది."

తర్వాతి సంగతి ఆయనకు స్వరూపే చెప్పింది. ఆమె పరుగున గని నోటి దగ్గరికి చేరేసరికి కేజ్‌లో ఇరవైనాలుగు మంది ఉన్నారు. గేటు మూసేశారు. ఆమె తన చేత్తో గేటు లాగింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు ముందున్న పెద్ద కార్మికుడు.

"తాడు మీద నాకు నమ్మకం లేదు కాకా. దిగుండ్రి."

"దినాం చూసేది నువ్వే గదా?"

"నేనే. అందుకే చెప్తున్నా, దిగుండ్రి."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి దిగాడు. ఆయన వెనక మిగిలినవాళ్ళు దిగారు. మండిపడుతూ వచ్చిన మేనేజర్ ఎదుటే ఖాళీ కేజ్‌ను మెల్లగా దించి, ఆ చోటు చేతికి అందగానే ఆపి, తాడు పురులు విడదీశారు. పైతీగలు నిగనిగలాడుతున్నాయి. లోపల తుప్పు. తెగిన తీగలను మేనేజరే పైకి లెక్కపెట్టాడు. పదిహేడు దాకా వచ్చి ఆపేశాడు. ఆ తాడుకు మళ్ళీ మనిషిని వేలాడదీయలేదు. కింద ఉన్న మొదటి షిఫ్టువాళ్ళు వేరే దారిన నడిచి పైకొచ్చారు.

రెండు గంటల తర్వాత స్వరూప గ్రీజు చేతులతో తెర ముందుకొచ్చింది. నలుగురూ ఇంకా అక్కడే ఉండటం చూసి తెల్లబోయింది.

"తీగలు తెగే ఉన్నాయి సార్. ఆ రీడింగులు తీసేసి రాసిన నా మూడో అధ్యాయం తప్పు. మళ్ళీ రాస్తాను" అంది.

రాయడానికి ఇంకో రెండున్నరేళ్ళు పట్టింది.

ఫణీందర్, "అంటే ఆవిడ ఆ రోజు చదువు వదిలేసి డ్యూటీకి వెళ్ళారన్నమాట" అన్నాడు.

"సెమినార్ రిజిస్టర్లో అలాగే రాశాం" అన్నారు ఆచార్యులు. "ఆమె ఆ కుర్చీలోంచి లేచింది డ్యూటీకో, పరిశోధనకో, నాకు మాత్రం ఇప్పటికీ తేలలేదు."