వీరేశం ఖాళీ చేసిన తెర

కంప్యూటరు ముందు కూర్చుంటే వీరేశానికి మనసు నిలిచేది కాదు. ఈదయ్య గురువుకు చూపు మందగించింది గనుక, ఆశ్రమానికి మెయిల్లో వచ్చే ఉత్తరాలు చదివి వినిపించడం, ఆయన చెప్పిన జవాబు టైపు చేసి పంపడం అతని పని. ఒక ఉత్తరం చదవబోతే బ్రౌజరు నిండా బొమ్మలూ బటన్లూ కళ్ళకు అడ్డం పడేవి.

అంతా బయలే, ఖాళీయే అని గురువు చెబుతారు కదా, ఈ తెరను కూడా బయలు చేస్తే సరి అనుకున్నాడు. ముందు పైపట్టీలో బటన్లు తీసేశాడు. బుక్‌మార్కులు దాచాడు. అదీ చాలక, మామూలు సెట్టింగుల్లో కనపడని రహస్యపు పేజీ ఒకటి ఉందని తెలుసుకుని అందులో దూరాడు. ఇక్కడ మార్పులు చేస్తే మీదే బాధ్యత అని అది ముందే హెచ్చరించింది. ఎవరు వింటారు! వందల వరుసలున్నాయి. ఒకటి ఆపితే ఇంకొకటి కంట్లో నలుసయ్యేది. అది పూర్తయ్యాకే ఉత్తరాలు ముట్టుకుంటానని పంతం పట్టాడు. తొమ్మిది రోజులకు మెడ పట్టేసింది, కళ్ళు మండాయి, ప్రాణం విసిగిపోయింది. అయినా వదల్లేదు.

గురువు రోజూ పొద్దున ఒకటే అడిగేవారు. "బిడ్డా, రాజవ్వ రాసిందా?"

రాజవ్వ భర్త కొమురయ్య గురువుకు పాత శిష్యుడు. పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టర్లు ఏమన్నదీ రాస్తానని, మీ మాట ఒకటి పంపితే ఆయన చెవిలో చెబుతానని ఆమె చెప్పి వెళ్ళింది.

"జర ఆగుండ్రి అయ్యా. తెర సాపు చేస్తున్న. అయిపోవచ్చింది," అనేవాడు వీరేశం.

పదో రోజు తెర నిజంగానే ఖాళీ అయింది. వీరేశం పరుగున వెళ్ళి గురువును పిలుచుకొచ్చాడు.

గురువు దగ్గరగా వంగి చూశారు. "మంచిగుంది. రాజవ్వ ఉత్తరం చదువు."

ఉత్తరాల పేజీ తెరుచుకోలేదు. ఆపేసిన వాటిలో దానికి కావలసింది ఏదో ఉంది. ఏదో వీరేశానికి గుర్తు లేదు. అన్నిటినీ మొదటికి తెచ్చే బటన్ ఒకటుంది గాని, నొక్కితే పది రోజుల కష్టం గంగలో కలిసినట్టే.

"సాయంత్రంలోగ అదొక్కటి పట్టుకుంట అయ్యా."

గురువు చాప లాక్కుని పక్కనే కూర్చున్నారు. అన్నం గంట కొట్టారు. లేవలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, నడుము నొప్పికి అటూ ఇటూ కదులుతూ అక్కడే ఉన్నారు.

"మీరు తిని రాండ్రి అయ్యా."

"రాజవ్వ తిన్నదో లేదో."

వీరేశం బటన్ నొక్కాడు. బొమ్మలూ బటన్లూ అన్నీ తిరిగొచ్చాయి. ఉత్తరాలూ వచ్చాయి. రాజవ్వవి రెండున్నాయి.

మొదటిది ఎనిమిది రోజుల కిందటిది. 'ఇంటికి తీస్కపొమ్మన్నరు. మాట పడిపోయింది గాని వింటున్నడు. మీ మాట పంపుండ్రి.'

రెండోది ఆ పొద్దుటిది. 'నిన్న పోయిండు. మీకు తీరలేదేమో అనుకున్నం. ఏమనుకోకుండ్రి అయ్యా.'

వీరేశం బోరున ఏడ్చాడు. "మనసు నిలవాలనే చేసిన అయ్యా."

గురువు తన కండువా తీసి అతని చేతిలో పెట్టారు.

"రాజవ్వ దగ్గరికి రేపు ఇద్దరం పోదాం. ఇంకెన్ని ఉత్తరాలున్నయి?"

"పదిహేడు."

"చదువు."