మడిచిన ఆకు

సర్వేశ్వరయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "భోజనం చేశావా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. చేశామంటే, "అయితే రేపు చూద్దాం" అంటారు. కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది. పాతవాళ్లు మాత్రం ఆ రేపటి కోసం కాచుకుని ఉంటారు.

విజయనగరం దాటాక ఉన్న ఆయన ఆశ్రమానికి, దాన్ని ఆనుకున్న బడికి, ఆసుపత్రికి కలిపి భోజనశాల ఒక్కటే. అక్కడి చెత్త బాధ్యత శిష్యుడు కోదండపాణిది. మనిషి పనిమంతుడు. తన పని గురించి నలుగురికీ చెప్పుకోవడంలో ఇంకా పనిమంతుడు. తలుపు దగ్గర రెండు డబ్బాలు పెట్టించాడు. ఆకులూ మెతుకులూ పచ్చదాంట్లో, వాటర్ ప్యాకెట్లు, పెరుగు కప్పుల్లాంటి ప్లాస్టిక్ నీలందాంట్లో. తిన్నవాళ్లు ఎవరి ఆకు వాళ్లే తెచ్చి వేయాలి. పచ్చడబ్బాలోది పక్క ఊరి పైడితల్లి గంపకెత్తుకుని తన రెండు గేదెలకు వేసుకునేది. వేసవిలో వాటికి అదే మేత.

ఆ రెండింట్లో ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే లోపల వాటర్ ప్యాకెట్లు, పెరుగు కప్పులు. పైడితల్లి ఏడుస్తూ వస్తే కోదండపాణి, "మా డబ్బా దగ్గర నేనే నిలబడి చూస్తున్నాను. నీ గేదె రోడ్డు మీద ఏం తిన్నదో" అన్నాడు.

"నా గేద రోడ్డెక్కనేదు బావూ. కట్టుగొయ్య కాడే ఉంది. మీ ఆకులే తిన్నాది," అంది ఆమె. "రెండోది సూడిది, కడుపుతో ఉన్నాది. దానికీ ఇయ్యే ఎయ్యమంతావా, పస్తుంచమంతావా? నువ్వే సెప్పు."

కోదండపాణి సాయంత్రం గురువుగారి దగ్గర కూర్చున్నాడు.

"అందరూ ఆకు పచ్చడబ్బాలోనే వేస్తున్నారు గురువుగారూ. ఒక్కరు తప్పు చేయడం కూడా నేను చూడలేదు. మరి ప్లాస్టిక్ ఎక్కణ్ణించి వచ్చింది?"

"భోజనం చేశావా?" అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం డాక్టర్లు, పంతుళ్లు, ఆశ్రమవాసులతో భోజనాల బంతి నిండుగా ఉంది. మన వాడుక తెలిసిందే. పెద్దవారు ఆకు మడిచి లేస్తే మిగతావాళ్లూ మడిచి లేస్తారు. మడవకుండా లేచినవాణ్ణి చూస్తే, ఇంట్లో ఎలా పెంచారో అనుకుంటారు. ఆ రోజు సర్వేశ్వరయ్యగారు ఆకును తెరిచే ఉంచి, రెండు చేతులతో పట్టుకుని లేచారు. బంతి అంతా బిత్తరపోయింది. గురువుగారి పరువు కాపాడదామని కోదండపాణి పరుగున వచ్చి మడవబోయాడు.

"ఉండనీ. ఈ పూటకు అందరం ఇలాగే పట్టుకెళదాం," అన్నారాయన.

ఆయనే అన్నాక ఇంకెవరు మడుస్తారు? తెరిచిన ఆకులు వరసగా తలుపు వైపు కదిలాయి. కరివేపాకు రెబ్బలు, మునక్కాడ పిప్పి, వాటి మధ్య నలిగిన వాటర్ ప్యాకెట్, పెరుగు కప్పు. దాదాపు ప్రతి ఆకులోనూ అదే. ఎవరికీ దాచాలన్న ఉద్దేశం లేదు పాపం. ఎంగిలి పక్కవారి కంట పడకూడదని చిన్నప్పుడు నేర్పారు, అంతే; అందులో ఏముందో తాము కూడా చూడకుండానే మడిచేస్తున్నారు. పెద్ద డాక్టరుగారు తన ఆకులోని కప్పు తీసి నీలం డబ్బాలో వేశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనక ఉన్నవాళ్లూ ఒక్కొక్కరే తీశారు.

కోదండపాణి డబ్బా పక్కనే నిలబడి ఇదంతా చూశాడు. ఇన్నాళ్లూ తాను కాపలా కాసింది ఆకు ఏ డబ్బాలో పడుతోందనే కాని, ఆకులో ఏముందని కాదు. పైడితల్లిని అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు. ఆమె వచ్చాక గంప తానే నింపి, "తప్పు మాదేనమ్మా" అన్నాడు. ఆమె గంపలో చేయి పెట్టి అడుగుదాకా కలియబెట్టి చూసుకుంది. ఆ తరవాతే నెత్తికెత్తమంది.

ఆమె వెళ్లాక అతను గురువుగారిని అడిగాడు. "ఇకమీదట ఆకు మడవకూడదని బోర్డు పెట్టించనా? పెద్దవాళ్లు అమర్యాద అనుకుంటారేమో."

సర్వేశ్వరయ్యగారు గంప వెళ్లిన దారి వైపు చూశారు.

"బంతి అయిపోయాక మడవడం మర్యాదే నాయనా," అన్నారు. "పైడితల్లి గేదె ఇంకా తినలేదు కదా."