కప్పనివ్వనన్న ఓబులక్క

అనగనగా ఇసుక తప్ప ఇంకేమీ పండని ఒక ఊరు. గాలి వీస్తే ఇసుక మేటలు గుమ్మాల దాకా నడిచొచ్చేవి. ఆ ఊళ్ళో ఓబులక్క అని ఒక మొండిపిల్ల ఉండేది. ఊఁ కొట్టు మరి.

వాన పడకపోతే ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎండిన వంకలో ఇసుక తవ్వి, అడుగున నిద్రపోతున్న కప్పను తీస్తారు. వేపమండలు చుట్టిన రోకలికి దాన్ని కట్టి, ఇల్లిల్లూ తిప్పుతారు. ఆడవాళ్ళు చెంబెడు నీళ్ళు పోస్తారు. కప్ప అరిస్తే వానొస్తుందని నమ్మకం.

ఒకప్పుడు వరసగా వానలు పడలేదు. మొదటి ఏడు కప్పను కట్టారు. కప్ప ఎండకు మాడి చచ్చింది, వాన రాలేదు. ఆ తర్వాతి ఏడూ అంతే. మూడో ఏడు వంకంతా తవ్వితే ఒక్కటే కప్ప మిగిలింది. అది ఓబులక్క చేతికి దొరికింది. కళ్ళు మూసుకుని గుప్పెడంత ఉంది. గొంతు మాత్రం సన్నగా కదులుతోంది.

అప్పుడు ఓబులక్క దాన్ని మళ్ళీ గుంతలో పెట్టి, ఇసుక కప్పి, దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మేనమామ వచ్చాడు. "లెయ్యే, బెల్లం పెడతా."

"నువ్వే తిను మామా. నేను లెయ్యను."

ఆ తర్వాత అవ్వ వచ్చింది. "వాన రాకుంటే ఊరంతా నిన్నే తిడుతుందే."

"తిట్టనీ అవ్వా. తిడితే బొబ్బలెక్కుతాయా?"

ఆ తర్వాత ఊరి పెద్ద నల్లప్ప వచ్చాడు. "కప్పనియ్యకపోతే దాని బదులు నిన్నే తిప్పుతాం!"

"తిప్పు పెద్దయ్యా! దానికంటే నేనే గట్టిగా అరుస్తా."

అన్నంత పనీ చేశారు. నడుముకు వేపమండలు కట్టి, భుజాన రోకలి పెట్టారు. ఓబులక్క ఇల్లిల్లూ తిరిగి బెకబెకమని అరిచింది. చుక్క రాలలేదు.

"చూశావా, రాలేదు!" అన్నాడు నల్లప్ప.

"కప్పల్ని కట్టినప్పుడు మాత్రం వచ్చిందా? అవి చచ్చాయి, నేను బతికున్నా. రేపూ వస్తా, నీళ్ళు తోడి పెట్టుకోండి!"

నల్లప్ప రోకలి తీసుకుని ఇంటికి పోయాడు. మళ్ళీ కప్ప జోలికి పోలేదు.

కొన్నాళ్ళకు ఎవరూ పిలవకుండానే మబ్బు పట్టి, వాన దంచి కొట్టింది. ఇసుకలోంచి ఎర్రెర్రని ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. తీతువు పిట్టలు కేకలు పెట్టాయి. అప్పుడు కప్ప లేచింది. నోరు తెరిచింది. ఇక మూయలేదు.

తెల్లారాక నల్లప్ప ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు. "ఒసే, నీ కప్ప ఊరిని నిద్రపోనివ్వలేదే! నోరు మూసుకోమను."

"ఎవరు చెప్పినా వినదు పెద్దయ్యా," అంది ఓబులక్క. "అదీ నాలాంటిదే."

కథ కంచి దారి పట్టింది,
కప్ప గొంతుకు జలుబు పట్టింది,
మన కళ్ళకు కునుకు పట్టింది.